టైడా అడవిలో రెండు రాత్రులు: విశాఖ నుంచి వెళ్లేవాళ్లు ఎలా ఉండాలి

అడవిలో బస అనగానే మనలో చాలామందికి చెక్క కాటేజీ, క్యాంప్‌ఫైర్, బొంగు చికెన్ గుర్తొస్తాయి. అవన్నీ ఉంటాయి, బాగానే ఉంటాయి. కానీ డబ్బు పెట్టి, ఘాట్ రోడ్డెక్కి, దోమల్ని ఓర్చుకుని మనం వెళ్లేది నిజానికి రెండు గంటల కోసం. తెల్లవారుజామున ఐదున్నర నుంచి ఏడున్నర వరకు. చలికాలమైతే ఇంకో అరగంట ఆలస్యంగా లెక్కేసుకోండి. ఆ వేళలో పిట్టలన్నీ మేతకి దిగుతాయి, ఉడుతలు కొమ్మల మీదికొస్తాయి, లోయలోంచి మంచు పైకి లేస్తుంది. ఎనిమిది దాటితే అరకు వెళ్లే కార్ల హారన్లు మొదలవుతాయి, పిట్టలు ఆకుల లోపలికి సర్దుకుంటాయి. బుకింగు నుంచి బూట్ల దాకా నేను చెప్పేదంతా ఆ రెండు గంటలు మీకు దక్కాలనే.

మేము మొదటిసారి వెళ్లినప్పుడు ఈ సంగతి తెలియదు. సంక్రాంతి సెలవుల్లో ఒక శనివారం, పేరు చివర 'ఎకో' అని రాసుకున్న ఒక ప్రైవేటు రిసార్టులో దిగాం. పక్క కాటేజీవాళ్లు సౌండ్ బాక్సు తెచ్చుకున్నారు. రాత్రి ఒంటిగంట దాకా పాటలే. మేనేజరుకి చెబితే "సీజన్ కదా సార్, ఏమీ అనలేం" అన్నాడు. పొద్దున్న ఎనిమిదిన్నరకి లేచి తలుపు తీస్తే ఎదురుగా కాలిన కట్టెలు, చిప్స్ ప్యాకెట్లు, వాటి చుట్టూ కోతులు. "దీనికోసం ఇంత దూరం ఎందుకురా, కైలాసగిరి ఎక్కితే సరిపోయేదిగా" అంది మా అమ్మ. నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత ఏడెనిమిది సార్లు వెళ్లి, ఒక్కొక్కటీ నేర్చుకున్నాం. ఇప్పుడు అందరికంటే ముందు సంచి సర్దేది అమ్మే.

ముందు ఏ అడవికి వెళ్తున్నారో తెలుసుకోండి

టైడా విశాఖ నుంచి సుమారు 75 కిలోమీటర్లు. శృంగవరపుకోట (ఎస్.కోట) దాటి ఘాట్ ఎక్కాక, అనంతగిరికి ముందు వస్తుంది. పర్యాటకాభివృద్ధి సంస్థ కట్టిన జంగిల్ బెల్స్ కాటేజీలు ఇక్కడే ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశాక ఈ ప్రాంతం అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. మన నోట మాత్రం ఇప్పటికీ 'విశాఖ ఏజెన్సీ'యే.

ఇది పుస్తకాల్లో చెప్పే వర్షారణ్యం కాదు. అసలైన వర్షారణ్యం ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. మన దేశంలో పడమటి కనుమల్లో, ఈశాన్య రాష్ట్రాల్లో, అండమాన్‌లో ఉంది. కర్ణాటకలోని ఆగుంబెలో ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకి పైగా వాన పడుతుంది, మన విశాఖలో పడేది వెయ్యి పైచిలుకు. మన తూర్పు కనుమలది ఎక్కువగా ఆకు రాల్చే అడవి. మార్చిలో వెళ్తే కొండ సగం బోడిగా కనిపిస్తుంది. కానీ గెడ్డల (కొండవాగుల) వెంబడి నీడ, తడి ఏడాదంతా ఉంటాయి. వానలు పట్టాక, జూలై నుంచి అక్టోబరు దాకా, కొండంతా ఒకే ఆకుపచ్చ ముద్దలా అయిపోతుంది. అడ్డ తీగలు చెట్లని చుట్టేస్తాయి, రాళ్ల మీద నాచు పడుతుంది. ఇక్కడ ఉండడం నేర్చుకుంటే ఆగుంబెలోనైనా అండమాన్‌లోనైనా ఇబ్బంది పడరు. ఒక్కటే తేడా, పడమటి కనుమల వానల్లో జలగలు దండిగా ఉంటాయి. మోకాలిదాకా వచ్చే జలగ సాక్సులు తీసుకెళ్లాలి. పట్టిన జలగని గుంజకుండా, గోరుతో పక్కకి నెట్టి ఊడదీయాలి. విశాఖ రేవు నుంచి అండమాన్‌కి ప్రయాణికుల ఓడ వెళ్తుంది కాబట్టి అసలు వర్షారణ్యం కూడా మనకి మరీ పరాయిదేం కాదు. మొదలు మాత్రం టైడాతో పెట్టండి.

ఎప్పుడు వెళ్లాలి, ఎన్నాళ్లు ఉండాలి

ఒక్క రాత్రికి వెళ్లకండి. మొదటి పొద్దున్న మీకు ఆ చోటు అలవాటు ఉండదు, ఎటు చూడాలో తెలియదు, నిద్రమత్తు వదలదు. రెండో పొద్దున్నే పని జరుగుతుంది. రెండు రాత్రులకి డబ్బు సరిపోకపోతే ఇంకో నెల ఆగి వెళ్లండి, అదే నయం.

ఆదివారం మధ్యాహ్నం చేరి మంగళవారం తిరిగి రావడం అన్నిటికంటే మంచి లెక్క. వారాంతపు జనం మీరు వెళ్లేసరికి దిగిపోతుంటారు. డిసెంబరు, జనవరి నెలల వారాంతాల్లో, ముఖ్యంగా వరసగా సెలవులొచ్చినప్పుడు ఆ దారి జోలికే వెళ్లొద్దు. వాన చూడాలంటే ఆగస్టు, సెప్టెంబరు. పిట్టలు చూడాలంటే నవంబరు మధ్య నుంచి, పని దినాల్లో. ఆ రోజుల్లోనే పైన అరకు వైపు వలిసె చేలు పసుపుపచ్చగా పూస్తాయి, కాఫీ తోటల్లో పండ్లు ఎర్రబడతాయి.

అక్టోబరు, నవంబరుల్లో తుపాను కబురు వింటూ ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మనల్ని ఏం చేసిందో విశాఖవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. వాతావరణ శాఖ ఆరెంజ్, రెడ్ హెచ్చరిక ఇస్తే బుకింగు డబ్బు పోయినా సరే ఆగిపోండి. ఘాట్‌లో కొండచరియ జారితే రోడ్డు, రైలు రెండూ ఆగిపోతాయి.

ఫోన్‌లో ఏం అడగాలి

ఏసీ ఉందా, వైఫై ఉందా అన్నవి తర్వాత. ముందు వీటిని అడగండి. రాత్రి పాటలు పెట్టనిస్తారా? చెత్త ఎక్కడికి పంపుతారు? తాగే నీళ్లు ఎక్కడివి? పనిచేసేవాళ్లు ఏ ఊరివాళ్లు? పొద్దున్నే నడకకి తీసుకెళ్లడానికి స్థానికులు ఎవరైనా ఉన్నారా? చెత్త ప్రశ్నకి తడబడితే అది వెనకనున్న గెడ్డలోకి వెళ్తోందని అర్థం. "డీజే కావాలంటే ఏర్పాటు చేస్తాం సార్" అన్నారా, అక్కడితో ఫోన్ పెట్టేయండి.

'ఇది ఎవరిది?' అని కూడా అడగండి. చాదస్తం అనుకోకండి. ఇది షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే గిరిజనుల కోసం రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన చోటు. 1/70 చట్టం ప్రకారం ఇక్కడి భూమిని గిరిజనేతరులు కొనకూడదు. పర్యాటకాభివృద్ధి సంస్థ కాటేజీలు, గిరిజన కుటుంబాలు సొంతంగా నడిపే హోమ్‌స్టేలు ఉన్నాయి. మారేడుమిల్లి దగ్గర వాలమూరులో లాగా వన సంరక్షణ సమితులు నడిపే బసలూ ఉన్నాయి. మీ డబ్బు ఆ కొండ మీదివాళ్లకే చేరాలంటే వీటిలో ఒకటి ఎంచుకోండి. ఇంకో సంగతి చెప్పాలి. ఇదే అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద సమత అనే సంస్థ కోర్టుకి వెళ్లింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకి గనుల కోసం లీజుకి ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు 1997లో తీర్పు చెప్పింది. కాటేజీ అరుగు మీద కూర్చుని ఎదురు కొండని చూస్తున్నప్పుడల్లా నాకు ఆ తీర్పే గుర్తొస్తుంది. ఆ కేసు నడిపినవాళ్లకి మనం రుణపడి ఉన్నాం.

గది ఎంచుకునే వీలుంటే రిసెప్షన్‌కి, వంటశాలకి, రోడ్డుకి దూరంగా ఉన్నది అడగండి. పెద్దవాళ్లు ఉంటే మెట్లు ఎన్ని ఉన్నాయో కూడా కనుక్కోండి. ఎత్తు మీద కట్టిన గుడిసెలు ఫొటోలో బాగుంటాయి కానీ, రాత్రి బాత్రూముకి దిగాల్సి వస్తే మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి నరకం.

ప్రయాణం

ఆర్టీసీ కాంప్లెక్సులో అరకు బస్సెక్కితే ఎస్.కోట మీదుగా టైడాలో దింపుతుంది. కండక్టరుకి ముందే చెప్పి ఉంచండి. కిరండూల్ పాసింజరు పొద్దున్న ఏడులోపే విశాఖలో బయల్దేరుతుంది. కొత్తవలస, ఎస్.కోట దాటాక సొరంగాల మీద సొరంగాలు. పిల్లలకి ఆ దారి ఒక్కసారైనా చూపించాలి. పిల్లలు, పెద్దవాళ్లు, సామాను అన్నీ ఉంటే మాత్రం కారే సుఖం.

కారులో వెళ్తే పెట్రోలు, ఏటీఎం పనులు ఎస్.కోటలోనే ముగించుకోండి. ఘాట్ ఎక్కాక ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. క్యూఆర్ కోడ్ ఉన్నా నెట్ లేక పనిచేయదు కాబట్టి చిల్లర నోట్లు దగ్గర ఉంచుకోండి. మలుపు మలుపుకీ హారన్ కొట్టండి, ఎక్కే బండికి దారి ఇవ్వండి. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు ఉంచకుండా సెకండ్ గేరులో దిగండి. మంచు పడితే హైబీమ్ వేయకూడదు, వెలుగంతా తిరిగి మీ కళ్లలోకే కొడుతుంది. వాంతులు వచ్చేవాళ్లని ముందు సీట్లో కూర్చోబెట్టండి. కడుపు నిండా పూరీలు తిని ఘాట్ ఎక్కొద్దు, రెండు ఇడ్లీలు చాలు.

ఏం చేసినా సాయంత్రం నాలుగులోపు చేరిపోవాలి. కొండల మధ్య చీకటి విశాఖలో కంటే ముందే పడుతుంది. ఆ వెలుతురు ఉండగానే మీరు చేయాల్సిన పని ఒకటుంది, అది తర్వాత చెబుతాను.

సంచిలో ఏముండాలి

మట్టి రంగు, ఆకుపచ్చ, బూడిద రంగు నూలు బట్టలు పెట్టుకోండి. పూర్తి చేతులు, పూర్తి కాళ్లు ఉన్నవి. తెలుపు, ఎరుపు వద్దు. నడిచేటప్పుడు జీన్స్ వద్దు, తడిస్తే రెండు రోజులైనా ఆరదు. బూట్లు ఒక జత, చెప్పులు ఒక జత. బూట్లు తడిస్తాయి, అది ఖాయం. అందుకే పాత ఈనాడు పేపర్లు నాలుగు పెట్టుకోండి. రాత్రి ఉండలు చుట్టి బూట్లలో కూరితే పొద్దున్నకి చాలావరకు తడి పీల్చేస్తాయి. గొడుగు కాకుండా రెయిన్‌కోటు తీసుకెళ్లండి. గొడుగు ఒక చేతిని ఆపేస్తుంది, పైగా దాని మీద చినుకులు పడే చప్పుడులో ఇంకేమీ వినిపించదు.

దోమల మందు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, మీరు రోజూ వేసుకునే మాత్రలు రెండు రోజులకి ఎక్కువగానే, స్టీలు నీళ్ల సీసా, రెండు తువాళ్లు, ఒక చెత్త సంచి. టార్చి తప్పనిసరి. దాని అద్దం మీద ఎర్ర జిలుగు కాగితం రెండు మడతలు వేసి రబ్బరు బ్యాండు పెట్టండి. తెల్ల వెలుగు ఒక్కసారి కళ్లలో పడితే మళ్లీ చీకటికి అలవాటు పడడానికి పావుగంటకి పైనే పడుతుంది, ఎర్ర వెలుగుతో ఆ ఇబ్బంది తక్కువ. బైనాక్యులర్ ఉన్నవాళ్లని అడిగైనా తెచ్చుకోండి. కెమెరా కంటే అదే ముఖ్యం.

సెంటు, ఘాటైన తలనూనె, బ్లూటూత్ స్పీకరు ఇంట్లో వదిలేయండి.

చేరిన సాయంత్రం

గదిలో సామాను పడేసి ముందు వంటమనిషి దగ్గరికి వెళ్లండి. ఇది హోటల్ కాదు, ఆర్డరిచ్చిన పావుగంటలో ప్లేటు రాదు. రాత్రికి ఏం కావాలో నాలుగు గంటలకే చెప్పాలి, పొద్దున్న ఐదింటికి టీ కావాలని కూడా అప్పుడే చెప్పాలి. ఆవిడ ఇంట్లో ఏం తింటారో అడగండి. చోడి (రాగి) అంబలి, సామల అన్నం, కొండ రాజ్మా కూర, దుంపలు. మెనూలో లేకపోయినా అడిగితే చాలామంది ఇష్టంగా చేసి పెడతారు. ఒకసారి మా అమ్మ "అక్కా, మీరు తినేదే మాకూ పెట్టు" అంటే ఆవిడ ముందు సిగ్గుపడి, తర్వాత సామల అన్నంలోకి ఎండుచేపల పులుసు చేసింది. మా పాప దాన్ని ఇప్పటికీ తలుచుకుంటుంది.

బొంగు చికెన్ ఒక పూట తినండి. పచ్చి బొంగు మూతికి ఆకు కుక్కి నిప్పుల మీద తిప్పుతూ ఉంటే, బొంగులోని తడికే మాంసం ఉడుకుతుంది. నూనె అక్కర్లేదు. దానికి ముక్కాలు గంట పైనే పడుతుంది కాబట్టి ఆకలేశాక కాకుండా ముందే చెప్పాలి. జీలుగు కల్లు ఎవరో తెలియనివాళ్లు రోడ్డు పక్కన ఇస్తే తాగొద్దు.

తర్వాత, వెలుతురు ఉండగానే, ఇందాక చెబుతానన్న పని. రేపు పొద్దున్న కూర్చోబోయే చోటు వెతకండి. కాటేజీకి వంద, రెండు వందల అడుగుల లోపు చాలు. గెడ్డ కనిపించాలి, లేదా పండ్లున్న చెట్టు ఒకటి ఎదురుగా ఉండాలి. మర్రి, రావి, మేడి చెట్లు కాయ మీద ఉంటే ఇంక వేరే వెతకొద్దు. సూర్యుడు మీ వీపు వైపు వచ్చేలా చూసుకోండి, అప్పుడు పిట్ట నల్లటి నీడలా కాకుండా రంగులతో కనిపిస్తుంది. కూర్చునే రాయి చుట్టూ కర్రతో ఒకసారి తట్టి చూడండి. గదికీ ఆ చోటుకీ మధ్య దారిలో వేరు ఎక్కడ ఉంది, గుంట ఎక్కడ ఉంది అని నడిచి గుర్తుపెట్టుకోండి. పొద్దున్న మసక చీకట్లో అదే దారిలో వెళ్లాలి కదా.

చీకటి పడ్డాక బయటి లైటు ఆర్పేయమని అడగండి. లైటు వెలిగితే పురుగులన్నీ మీ అరుగు మీదే చేరతాయి. ఆర్పేస్తే, తొలకరి రోజులైతే గెడ్డ వైపు మిణుగురులు కనిపిస్తాయి. తొమ్మిదికల్లా పడుకోండి. దోమతెర వేసుకుని, అంచులు పరుపు కిందికి దోపి మరీ పడుకోండి.

ఆ రెండు గంటలు

ఐదింటికి లేవండి. మొహం కడుక్కుని, టీ తాగి, ఫోన్ సైలెంట్‌లో పెట్టి, నిన్న చూసుకున్న చోటుకి వెళ్లి కూర్చోండి. ఇంతే. నడవొద్దు. అడవిలో నడిచేవాడికి పారిపోయే తోకలే కనిపిస్తాయి, కూర్చున్నవాడి దగ్గరికి అన్నీ వస్తాయి. మొదటి పావుగంట ఏమీ జరగదు. మీరు వచ్చిన అలికిడికి అన్నీ ఊరుకుంటాయి. అక్కడే చాలామంది విసుగొచ్చి లేచిపోతారు. మాతో వచ్చిన కొండదొర తెగ కుర్రాడు మొదటి రోజు నా హడావుడి చూసి మెల్లగా అన్నాడు, "తొందరపడకండి బాబూ, మనం ఊరుకుంటే అదే వస్తాది." ఆ ఒక్క మాటతో నాకు అడవిలో ఎలా ఉండాలో తెలిసింది.

ముందు చెవులు పని చేయాలి. ఇంకా చీకటి ఉండగానే గెడ్డ వైపు నుంచి ఎవరో కుర్రాడు దారి తెలియని పాటని ఈల వేసుకుంటూ వస్తున్నట్టు వినిపిస్తుంది. మొదటిసారి విన్నప్పుడు నిజంగానే మనిషి అనుకుని లేచి నిలబడ్డాను. అది మలబార్ విజిలింగ్ థ్రష్. నల్లగా కనిపించే ముదురు నీలి పిట్ట, రాళ్ల మధ్య పారే నీళ్ల దగ్గర ఉంటుంది. వెలుగు పడ్డాక నుదుటి మీద, భుజాల మీద నీలం మెరుస్తుంది. ఆ రోజు అది ట్యాంకు నుంచి వచ్చే నీళ్ల పైపు మీద వాలి, తోక ఒకసారి విసనకర్రలా విప్పి మూసి, పైపు అతుకు దగ్గర కారే చుక్కని ముక్కుతో అందుకుంది. మళ్లీ ఇంకో చుక్క కోసం ఎదురుచూసింది. చుక్కకీ చుక్కకీ మధ్య తల పక్కకి వంచి పైపునే చూస్తోంది. అలా ఐదారు చుక్కలు తాగింది. మా పాప నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని ఊపిరి కూడా బిగబట్టింది. నాకూ ఆమెకీ మధ్య మాట లేదు. అది ఎగిరిపోయాక పాప, "నాన్నా, రేపు కూడా దానికి దాహం వేస్తుందా?" అని అడిగింది.

తోక చివర రెండు పొడుగాటి పోగులు వేలాడే నల్లపిట్ట కనిపిస్తే అది రాకెట్ టెయిల్డ్ డ్రాంగో, మన కరెంటు తీగల మీద కూర్చునే పసులపోలిగాడికి పెద్దన్న లాంటిది. వేరే పిట్టల గొంతులు అనుకరిస్తుంది. నాలుగు రకాల కూతలు ఒకే చెట్టు నుంచి వస్తుంటే అదేమో చూడండి. పైకొమ్మల్లో ఆకులు పిట్ట బరువుకి మించి ఊగితే బెట్టుడుత. మన పెరటి ఉడుతకి ఎన్నో రెట్లు పెద్దది, వెన్ను ముదురు ఎరుపు, తోక ఒంటికంటే పొడుగు. కొమ్మ నుంచి కొమ్మకి దూకినప్పుడు ఆ తోక గాలిలో చాపినట్టుగా ఉంటుంది.

ఫోన్‌లో పిట్ట కూత పెట్టి పిలవకండి. ఎవరో తన చోటులోకి వచ్చారని అది మేత మానేసి కంగారుగా తిరుగుతుంది. గూడు పెట్టే కాలంలో అయితే పిల్లలు పస్తుంటాయి. కోతులకి ఏదీ పెట్టకండి. పిల్లలు ముప్పావుగంట మించి కూర్చోలేరు, వాళ్లని కోప్పడి లాభం లేదు. ఒక చిన్న నోటు పుస్తకం ఇచ్చి ఎన్ని రకాల చప్పుళ్లు వినిపించాయో గీతలు గీయమనండి. మా పాప మొదటి రోజు పదకొండు గీసింది, రెండో రోజు పంతొమ్మిది.

పగలు

టిఫిను తర్వాత ఊరివాళ్లలో ఒకరిని తోడు తీసుకుని నడకకి వెళ్లండి. తోడూ, అటవీ శాఖ అనుమతీ లేకుండా రిజర్వు అడవిలోకి వెళ్లొద్దు, అనుమతి లేకపోతే చట్టానికీ విరుద్ధం, దారి తప్పితే ప్రాణానికీ ప్రమాదం. ఎంత ఇవ్వాలో ముందే మాట్లాడుకుని, తిరిగి రాగానే అతని చేతికే ఇవ్వండి. కాఫీ తోటలు, వెండిచెట్టులా కనిపించే సిల్వర్ ఓక్ నీడ, దాని మీదికి పాకిన మిరియాల తీగ, ఇవన్నీ అతను చూపిస్తాడు. అడ్డాకుని వెదురు పుల్లలతో కుట్టి విస్తరి చేయడం చూపించమనండి. పుల్ల గుచ్చిన చోట ఆకు చిరగకుండా ఎలా తిప్పుతారో మా అమ్మ గంటసేపు చూసి, చివరికి తనూ ఒకటి కుట్టింది.

సంత ఏ రోజో అడిగి, కుదిరితే వెళ్లండి. అల్లం, పసుపు, కొండ చీపుర్లు, తేనె కొనండి, బేరం మాత్రం పట్టుబట్టి ఆడొద్దు. రైతుబజారులో మనం ఇచ్చే ధరకంటే తక్కువే చెబుతారు. ఆడవాళ్ల ఫొటోలు తీసేముందు అడగాలి, వద్దంటే వద్దు. పిల్లలకి చాక్లెట్లు విసరడం మానేయండి. ఏమైనా ఇవ్వాలనుకుంటే బడిలో మాస్టారిని అడిగి నోటు పుస్తకాలు ఇవ్వండి.

బొర్రా గుహలు, కటికి జలపాతం, గాలికొండ, అరకు మ్యూజియం అన్నీ ఒకే రోజు తిరిగేద్దాం అని మీలో ఒకరు అంటారు. ఏదో ఒక్కటి చూడండి. సాయంత్రానికి అలిసిపోయి పడుకుంటే రెండో పొద్దున్న పోతుంది.

పాములు, జ్వరాలు

టెన్షన్ పడొద్దు, అలాగని తేలిగ్గానూ తీసుకోవద్దు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లని కరుస్తుంది. దాని కాటు పెద్దగా నొప్పి ఉండదు, అదే ప్రమాదం. కాబట్టి మంచం మీదే పడుకోండి, బూట్లు దులిపి వేసుకోండి, చీకట్లో టార్చి లేకుండా అడుగు వేయొద్దు. ఈ కొండల్లో గిరినాగు (కింగ్ కోబ్రా) కూడా ఉంది. పన్నెండు పదమూడు అడుగులు ఉంటుంది, ఎక్కువగా తిని బతికేది ఇతర పాముల్నే. కనిపిస్తే ఆగి, వెనక్కి జరిగి, దారి ఇవ్వండి. రాళ్లు వేయొద్దు, ఫొటో కోసం దగ్గరికి వెళ్లొద్దు.

ఎవరినైనా పాము కరిస్తే గాయం కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించడం ఏవీ చేయకూడదు. ఉంగరాలు, మెట్టెలు, పట్టీలు తీసేయండి. కరిచిన కాలు లేదా చెయ్యి కదలకుండా కర్ర కట్టి, 108కి ఫోన్ చేయండి. ఎన్నింటికి కరిచిందో గుర్తుంచుకోండి. సిగ్నల్ లేకపోతే ఏం చేయాలి, రాత్రి బండి ఎవరిది దొరుకుతుంది, దగ్గరి పెద్దాసుపత్రి ఏది అని చేరిన రోజే రిసెప్షన్‌లో అడిగి కాగితం మీద రాసిపెట్టుకోండి.

ఏజెన్సీలో మలేరియా ఉంది, వానాకాలంలో ఎక్కువ. ఆ దోమ కుట్టేది సాయంత్రం నుంచి తెల్లవారేదాకా, అంటే మీరు కదలకుండా కూర్చునే ఆ రెండు గంటల్లో మొదటి భాగం కూడా అందులోనే వస్తుంది. మెడకి, మణికట్టుకి, చీలమండలకి మందు రాసుకునే బయల్దేరండి. గర్భిణులు, పసిపిల్లలు ఉంటే వానలు తగ్గాకే వెళ్లండి.

తిరిగి వచ్చేటప్పుడు, వచ్చాక

తెచ్చిన ప్లాస్టిక్ అంతా చెత్త సంచిలో వేసి విశాఖకి తెచ్చేయండి, కొండ మీద దాన్ని పట్టుకెళ్లే బండి ఉండదు. వంట చేసినవాళ్లకి, గది ఊడ్చినవాళ్లకి విడివిడిగా చేతికి డబ్బులిచ్చి చెప్పి రండి. ఆకులు, రాళ్లు, ఈకలు ఏవీ తేవొద్దు.

ఇంటికి రాగానే బట్టలన్నీ వేడినీళ్లలో నానబెట్టండి, స్నానం చేసేటప్పుడు చంకలు, నడుము, మోకాళ్ల వెనక చూసుకోండి. సిగరెట్టుతో కాల్చినట్టు చిన్న నల్లటి పక్కు ఎక్కడైనా కనిపించి జ్వరం వస్తే అది పొదల్లో ఉండే నల్లి లాంటి పురుగు వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ కావచ్చు, సరైన యాంటీబయోటిక్ తొందరగా మొదలుపెడితే తగ్గిపోతుంది. పక్కు లేకపోయినా, తిరిగొచ్చిన నెల రోజుల్లో చలిజ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకుని చూద్దాం అనుకోకండి. అదే రోజు రక్తపరీక్ష చేయించండి. డాక్టరుగారు అడగకపోయినా మీరే ముందు చెప్పండి, "ఏజెన్సీకి వెళ్లొచ్చాను, రెండు రాత్రులు ఉన్నాను" అని.